మొండి లాకు దగ్గర బ్రేకు చప్పుడు

మొండి లాకు దిగుడులో రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఎవరూ ఆగరండీ. ఆగమని బతిమాలినా ఆగరు. చేపల చెరువుల దగ్గర కాపలాకి వెళ్ళేవాళ్ళు, చీకటంటే లెక్కలేని మనుషులు, వాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి మాటలు ఆపేసి గబగబా దాటేస్తారు. పోయినేడు కార్తీకమాసం నుంచీ ఆ చోటుకి చెడ్డపేరు వచ్చింది.

మీరు చప్పుడు చెయ్యని బ్రేకు ప్యాడ్లు కావాలన్నారు కదా, అందుకే ఎత్తాను ఆ మాట. ఆ స్టూలు ఇలా లాక్కుని కూర్చోండి. ఇవ్వనని అనట్లేదు బాబూ. విన్నాక కూడా కావాలంటే పట్టుకెళుదురుగాని.

నా పేరు శ్రీరంగనాయకులు. తాడేపల్లిగూడెంలో ముప్ఫై ఎనిమిదేళ్ళ నుంచీ ఇదే సైకిళ్ళ షాపు. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. బేరింగు ఎండిపోతే చప్పుడొస్తుంది, నట్టు వదులైతే చప్పుడొస్తుంది. చప్పుడొచ్చిందంటే దానికో కారణం ఉంటుంది, నాకు తెలిసిందల్లా అంతే.

ముందు మీ బ్రేకు సంగతి చెబుతాను. మన పక్క కొండలెక్కడివండీ? ఇటు అత్తిలి నుంచి అటు కొల్లేరు దాకా నేలంతా పళ్ళెంలా ఉంటుంది. బ్రేకు గట్టిగా పట్టాల్సిన అవసరం ఎక్కడొస్తుందీ అంటే — రైలు పట్టాల మీది ఓవర్‌బ్రిడ్జి, కాలవ గట్ల మీంచి దిగే దార్లు. అంతే. డిస్కు బ్రేకు ప్యాడ్లు కాస్త వేడెక్కితేగాని ప్లేటు మీద కుదురుకోవు. కుదురుకోకపోతే అరుస్తాయి. మన జనమేమో అరుపు ఆగాలని డిస్కు ప్లేటుకి కొబ్బరినూనె రాసి తీసుకొస్తారు! చెంప ఛెళ్ళుమనిపిద్దామన్నంత కోపమొస్తుంది నాకు. బ్రేకుకి నూనె రాస్తారటండీ ఎవరైనా?

ప్యాడ్లు రెండు రకాలు. మెటల్‌వి ఉంటాయి, మెత్తవి ఉంటాయి. మెత్తవి అరవవు. ఎండాకాలం వెన్నలా పనిచేస్తాయి. వానల్లో మాత్రం బురదా ఇసకా పట్టి, నెల తిరక్కుండా అరిగిపోతాయి. మెటల్‌వి వీధంతా వినబడేలా అరుస్తాయి. కానీ వానలోనూ, బురదలోనూ పట్టి ఆపుతాయి. షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఇప్పుడు ఇది చెప్పి మరీ అమ్ముతున్నాను.

సరే, ఆ మొండి లాకు.

ఉంగుటూరు వైపు వెళ్ళే కాలవగట్టు మీద ఒకప్పుడు పడవల కోసం కట్టిన లాకు అది. తలుపులు ఎప్పుడో ఊడిపోయాయి. రెండు రాతి గోడలు మిగిలాయి, మధ్యన లోతు నీళ్ళు. గట్టు మీంచి దారి నిటారుగా దిగి, కింద నీటి అంచున టక్కున ఎడమకి తిరుగుతుంది. ఎదురుగా అడ్డం ఏమీ లేదు. బ్రేకు పట్టిందా, మలుపు తిరిగి ఊళ్ళోకి పోతారు. పట్టలేదా... నీళ్ళలోకే.

ఆ ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడి ఉంది. అర్చకులు శివరామయ్యగారు. ఆయన భార్య ఆండాళ్ళమ్మగారు. వాళ్ళకి ఒక్కతే కూతురు, హరిప్రియ. ఇక్కడ గూడెంలో రక్తపరీక్షల ల్యాబులో పని. మొదటి జీతంతో నా దగ్గరే గేర్ల సైకిలు కొనుక్కుంది. నీలం రంగుది. బస్సెక్కవే అంటే వినేది కాదు. మా షాపు ముందునుంచి పోతూ "నాయకులుగారూ, గాలి చూడండీ!" అని కేకేసి, నేను చూసేలోపే వెళ్ళిపోయేది. అల్లరి పిల్ల.

దాని సైకిలుకి కంపెనీవాళ్ళు వేసి పంపినవి మెటల్ ప్యాడ్లు. అబ్బ, ఏం అరిచేదండీ! కీ...చ్ అని వీధి మొదట్లో మొదలెడితే ఇంటి అరుగు దాకా.

ఇల్లేమో గుడి పక్కనే. పిల్ల ఇంటికొచ్చేది సరిగ్గా ఏకాంత సేవ వేళకి. స్వామికి పాలు నైవేద్యం పెట్టి, ఉయ్యాల్లో పడుకోబెట్టి, జోల పాడి తెర వేస్తారు కదా — సరిగ్గా ఆ జోల దగ్గర బయట ఈ కీచు! చీరలు నోటికి అడ్డం పెట్టుకుని ఆడవాళ్ళ నవ్వులు. గుడి కమిటీ పెద్ద పట్టాభిరామయ్యగారు ఒకరోజు పదిమందిలో అనేశారట. "మీరు పడుకోబెడతారు, మీ అమ్మాయి లేపుతుంది. స్వామికి నిద్రెప్పుడండీ శివరామయ్యగారూ?" అని. హాస్యానికే అన్నారు. కానీ ఈయన చిన్నబోయారు. స్వామి విషయంలో ఆయనది మరీ పసిపిల్లాడి మనసు. నిజంగానే స్వామికి నిద్ర చెడుతోందని బెంగపెట్టుకున్నారు.

వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే, కూతురు ఇంకా నిద్ర లేవకముందే, ఆ సైకిలు నడిపించుకుంటూ గూడెం వచ్చేశారు. ఎక్కి తొక్కడం రాదాయనకి. ఏడు కిలోమీటర్లు, పంచె ఎగ్గట్టి.

"ఏవండీ నాయకులుగారూ, దీని నోరు మూయించాలండీ" అన్నారు.

నేను నవ్వాను. స్వామి నిద్ర కోసమని చెబితే నాకూ మనసు కరిగింది. నేనూ రోజూ విష్ణుసహస్రనామం చదువుకునేవాణ్ణే కదా. మెటల్‌వి తీసేసి మెత్తవి వేశాను. అటూ ఇటూ నడిపించి చూసుకుని, పెళ్ళివారింటికి పిలిచినంత సంబరపడ్డారు. ఆ రాత్రి నుంచీ పిల్ల చప్పుడు లేకుండా వచ్చేది.

భాద్రపదంలో ముసురు పట్టింది. పదిహేను రోజులు, వదలకుండా. గట్టంతా చిత్తడి, అడుసు. ఆ పదహారో రోజు రాత్రి పిల్ల ఇంటికి రాలేదు. తెల్లారాక చేపలవాళ్ళు లాకు గోడ దగ్గర చూశారు.

ఆ మాట విని నేను షాపు మూసేశాను. మూడు రోజులు తియ్యలేదు.

పదో రోజున వెళ్ళాను. వసారాలో ఆ నీలం సైకిలు గోడకి ఆనించి ఉంది. కాలవలోంచి తీసినవాళ్ళు కడగను కూడా కడగలేదు. ఎవరూ చూడకుండా వంగి చూశాను. ప్యాడ్లు... కాగితం మందాన మిగిలాయండీ. చెయ్యెత్తు మనిషిని ఆ దిగుడులో అవేం ఆపుతాయి? పోలీసులు చీకట్లో జారిందని రాసుకున్నారు. ఊళ్ళోవాళ్ళు విధి అన్నారు. ఎవరూ నన్నేమీ అడగలేదు. ఎవరైనా అడుగుతారేమో, ఎప్పుడు అడుగుతారో అని నాకు అన్నం దిగేది కాదు. నా చేత్తో వేసిన సరుకు అది.

అప్పుడు, కార్తీకమాసంలో మొదలైంది ఆ చప్పుడు.

మొదట కాపలావాళ్ళు విన్నారు. తరవాత పోస్టాఫీసు పాండురంగారావు. అతను నాకు బాగా తెలిసిన మనిషి, అబద్ధాలాడే రకం కాదు. అతను చెప్పింది చెప్పినట్టు చెబుతాను వినండి.

గూడెంలో పని చూసుకుని మోపెడ్ మీద వెళ్తున్నాడట. తొమ్మిది కావస్తోంది. లాకు దిగుడు దిగి, మలుపు తిరగ్గానే జేబులో ఫోను మోగింది. ఆపాడు. ఫోను తీసేలోపు అది ఆగిపోయింది. చుట్టూ చీకటి. చెరువుల్లో గాలి కొట్టే మోటార్ల హోరు తప్ప ఏమీ లేదు.

కీ...చ్.

దిగుడు పైనించి.

ఎవరో సైకిలు మీద వస్తున్నారనుకున్నాడు. లైటు కోసం చూశాడు. లైటు లేదు.

ఆగిపోయింది...

మళ్ళీ — కీ...చ్. ఈసారి కాస్త దగ్గరగా. మళ్ళీ ఆగింది. ఎవరో ఒక్కొక్క అడుగే వేస్తూ, ఆగుతూ, దిగుతూ.

"ఎవరూ?" అన్నాడట.

కీ...చ్.

అప్పుడు కనబడింది. చీకట్లో రెండు చక్రాలు. సీటు ఖాళీ. సీటు మీద మనిషి లేడు. ఆ చక్రాల పక్కన మాత్రం మనిషెత్తున తెల్లగా ఏదో... కదులుతోంది. సరిగ్గా నీటి అంచుదాకా వచ్చి ఆ చక్రాలు ఆగాయి. ఆగాక ఆ తెల్లటిది వంగింది. వంగి, ఎవరితోనో గుసగుసలాడింది.

మోపెడ్ అక్కడే పడేసి పరిగెత్తాడండీ పాండురంగారావు! ఒక చెప్పు అక్కడ, ఒక చెప్పు ఇక్కడ. రెండు రోజులు జ్వరం. వాళ్ళమ్మ తాయెత్తు కట్టించింది. మూడోనాడు ఇదిగో, మీరు కూర్చున్న స్టూలు మీదే కూర్చుని, నా చెవిలో చెప్పాడు.

"నాయకులుగారూ... ఆ అమ్మాయి ఇంకా బ్రేకు పట్టుకుంటూనే ఉందండీ."

నాకు ఒళ్ళు జలదరించింది. అయినా నోరు మాత్రం అలవాటు ప్రకారం అడిగింది. "ఎలా అరిచింది? బొంగురుగానా, సన్నగానా?"

అతను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. దెయ్యం గొంతు ఎలా ఉందని అడిగేవాడు ఉంటాడా? అయినా పాపం, చేసి చూపించాడు. సన్నగా, సూదితో పొడిచినట్టు. పట్టినంతసేపూ, సాగుతూ.

అది మెటల్ ప్యాడ్ల కీచు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మెత్తవి అలా అరవనే అరవవు. దెయ్యమే అయితే నేను వేసిన ప్యాడ్లతో రావాలి కదండీ? ఎవరు మార్చారు వాటిని?

ఆ రాత్రే వెళ్ళాను. మా ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. సైకిలు దూరంగా తుమ్మచెట్టు కింద పెట్టి, లాకు రాతిగోడ వెనక నిలబడ్డాను. దెయ్యాలు లేవనేవాణ్ణి ఆంజనేయ దండకం రెండుసార్లు చదివాను, దాచుకోవడమెందుకు? మంచు పడుతోంది. నీళ్ళ వాసన. దూరంగా గుడి మైకులో జోల వినిపించింది, తరవాత మైకు కట్టేసిన చప్పుడు. అంతే, ఇంక ఏమీ లేదు.

ఎంతసేపో తెలీదు...

కీ...చ్.

గోడ పట్టుకున్నాను. ఆగింది. మళ్ళీ అరిచింది. దిగుతోంది. రాళ్ళ మీద టైర్ల రాపిడి కూడా వినబడుతోంది ఇప్పుడు. పాండురంగారావు చెప్పినట్టే — ఖాళీ సీటు. పక్కన తెల్లటిది. "అమ్మా హరిప్రియా, నన్ను క్షమించు తల్లీ" అని నాలో నేను గొణుక్కున్నాను. నిజంగానే అనేశానండీ, దెయ్యాల్ని నమ్మని మనిషిని.

నాకు రెండు బారల దూరంలో, నీటి అంచున, ముందు చక్రం ఆగింది.

ఆ తెల్లటిది సీటు మీదకి వంగి, మెల్లిగా అంది.

"ఆగిందమ్మా. చూశావా? ఆగింది."

ఆ గొంతు నాకు తెలుసు. రోజూ వేణుగోపాలస్వామికి జోల పాడే గొంతు అది.

శివరామయ్యగారు.

పంచె, ఉత్తరీయం. రెండు చేతులూ రెండు బ్రేకుల మీద బిగించి, తొక్కడం రాక, నడిపించుకుంటూ. నేను బయటికి రాలేకపోయాను. ఆయన సైకిలు తిప్పుకుని, ఎగశ్వాసతో మళ్ళీ గట్టు ఎక్కారు. మళ్ళీ దిగారు. మళ్ళీ ఆగింది. మళ్ళీ అదే మాట చెప్పారు. మూడోసారి ఎక్కబోతే కాలు జారింది. అప్పుడు పరిగెత్తుకెళ్ళి పట్టుకున్నాను.

ఆయన బెదరలేదు. నన్ను చూసి, "మీరా" అన్నారు.

"ఏంటండీ ఇది? ఈ వయసులో, ఈ చీకట్లో!" అని కోప్పడ్డాను. ఏడుపొచ్చినప్పుడు నాకు కోపమే వస్తుంది.

"ఆ రోజు ఆగలేదు కదండీ" అన్నారు. "ఇప్పుడు ఆగుతోంది. ఏలూరు వెళ్ళి మెటల్‌వి వేయించాను. అరుస్తుంది. అరిస్తే అరవనీ... స్వామికి చెప్పుకున్నాను. ఏమీ అనుకోడు."

ఏలూరు దాకా ఎందుకు, నేను లేనా అన్నాను.

ఆయన తల వంచుకున్నారు. "మీకు మొహం చూపించలేకండీ. మీరు ఆ రోజు చెప్పారు కదా, వానలొస్తే ఇవి పనికిరావు, మళ్ళీ పాతవి వేయించుకోమని. మీరు చెప్పకుండా ఎందుకుంటారు? అంత పెద్ద పనివారు. నేనే ఆ సంబరంలో పిల్లకి చెప్పడం మర్చిపోయాను. నా చేతులతో నేనే..." అని ఇంక అనలేకపోయారు.

నేను సైకిలు హ్యాండిలు ఆయన చేతుల్లోంచి అందుకున్నాను.

"మా ఆవిడ మిమ్మల్ని ఆడిపోసుకుంటోందండీ. ఆ షావుకారు ఒక్క మాట చెప్పి ఉంటే నా బిడ్డ ఉండేది కదా అని, రోజూ. నాయకులుగారిది కాదే, తప్పు నాది అని చెబుదామనుకుంటాను. నోరు రావట్లేదు."

సైకిలు నేను పట్టుకుని ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాను. ఆండాళ్ళమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. గుళ్ళో ఆలస్యమవుతోందనుకుంటున్నారట ఇన్నాళ్ళూ. సైకిలు చూశారు. ఆయన పంచెకి అంటిన బురద చూశారు. తరవాత నన్ను చూశారు. మూడు నెలల్లో సగం మనిషయ్యారు ఆవిడ.

"నాయకులుగారూ, మిమ్మల్నొక్క మాట అడగాలండీ" అన్నారు, చాలా మెల్లిగా. "వానలో ఇవి పట్టవని ఒక్క ముక్క చెప్పకూడదా అండీ?"

నేను భయపడిన మాట అదే. ఇన్ని రోజులూ.

నోరు తెరిచేలోపే శివరామయ్యగారు అందుకున్నారు. "చెప్పారు ఆండాళూ. ఆయన చెప్పారు. నేనే మర్చిపోయాను. నీకు చెప్పలేదు, పిల్లకీ చెప్పలేదు."

ఆవిడ ఆయన వైపు చూడలేదు. నన్నే చూస్తున్నారు.

"చెప్పారా?"

శివరామయ్యగారు నా పక్కన నిలబడి తల ఊపుతున్నారు, అవునని చెప్పమన్నట్టు.

"చెప్పానమ్మా" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. తెల్లారి మొదటి బస్సుకి అత్తిలిలో అన్నగారింటికి వెళ్ళిపోయారు. ఎనిమిది నెలలైంది. ఇంతవరకూ ఆ గడప తొక్కలేదు. ఆయన ఫోను చేస్తే తియ్యరు. పాపం శివరామయ్యగారు, స్వామికి వండిన ప్రసాదమే ఇంత తిని, రాత్రి తెర వేశాక, ఇప్పటికీ లాకు దగ్గరికే వెళ్తున్నారు. మీరు ఇవాళ ఆ దారిన వెళ్ళినా వినబడుతుంది. భయపడకండి, మనిషే.

ఆ మెటల్ ప్యాడ్లు అరిగినప్పుడల్లా నేనే వెళ్ళి మార్చి వస్తున్నాను. వద్దన్నా వినకుండా ప్రతిసారీ నాకు దణ్ణం పెడతారాయన. "మీ మాట విన్నా బాగుండేదండీ" అంటారు. నేను స్పానరు సర్దుకుని వచ్చేస్తాను.

ఏం చెప్పమంటారు... నేను చెప్పలేదండీ. వాన మాట ఆ రోజు నా నోట్లోంచి రానే లేదు. ఆదివారం కదా, షాపు నిండా జనం. చెబుదామనే అనుకున్నాను. ఈలోగా ఎవరో పంక్చరని పిలిస్తే అటు వెళ్ళిపోయాను.